కుట్లు వేసే వేళకు

ఆపరేషన్ జరుగుతుండగా పెద్ద సర్జన్ పక్కన నిలబడి, కత్తి పట్టిన ఆయన చేతిని ఒక్క ప్రసంగంతో ఆపేసినవాణ్ణి నేను. మా పల్లెటూరి బడిలో పంతులు నేర్పినంతవరకే నా చదువు. అయినా ఆ రోజు ఆ గదిలో అంతమంది డాక్టర్ల మధ్య నా మాటే చెల్లింది. నమ్మనివాళ్ళు నమ్మకపోవచ్చు. నన్ను నమ్మనివాళ్ళతోనే ఇన్నేళ్ళూ స్నేహాలు చేశాను, నన్ను బొత్తిగా నమ్మని మనిషితో కాపురమే చేశాను. నాకిదేం కొత్త కాదు.

సరే, కథ నాది కాదు. దారం పిల్లది.

ఆ ఆస్పత్రిలో సర్జరీ వార్డంతా ఆమెను అలాగే పిలిచేది. డాక్టరు పరీక్షలన్నీ గట్టెక్కి, ఇక చేతిపని నేర్చుకోవాల్సిన ఏడాదిలో ఉంది. తెల్లకోటు జేబులో ఎప్పుడూ నల్ల పట్టుదారం ఉండేది. ఆపరేషన్లలో మిగిలిన ముక్కల్ని సిస్టర్ని అడిగి తెచ్చుకుని, ఎక్కడ కాస్త పట్టు దొరికితే అక్కడ ముడులు వేసేది. సొరుగు పిడికి, కుర్చీ చేతికి, కిటికీ ఊచకు. రెండు చేతుల ముడి, ఒంటిచేతి ముడి, చూడకుండా వేసే ముడి. రోగి సంగతులు వింటూ వేసేది, ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడుతూ వేసేది. ఓసారి తనతోపాటు శిక్షణలో ఉన్న అబ్బాయి కోటు బొత్తానికీ కుర్చీకీ కలిపి ముడివేసి మరిచిపోయింది. అతను భోజనానికని లేచి కుర్చీతో సహా రెండడుగులు వేశాడు. ఆ అబ్బాయి పేరు పొడుగు. అంటే అసలు పేరు కాదు, ఆకారం.

ఆ ఇద్దరూ ఒకే పెద్ద డాక్టరు కింద పని నేర్చుకుంటున్నారు. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. లోపల చేయాల్సిందంతా చేశాక, మూసి కుట్లు వేసే వేళకు ఆయన ఒక అడుగు వెనక్కి వేసి "ఇక పిల్లలు చూసుకోండి" అంటాడు. పని చేతికి వచ్చేది ఆ వేళలోనే. సరిగ్గా అదే వేళకు, బయట బెంచీ మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్న రోగి తాలూకు వాళ్ళకు "అంతా బాగా జరిగింది" అని ఎవరో ఒకరు చెప్పిరావాలి. పెద్ద డాక్టరు ఈమె వైపు తిరిగేవాడు.

"తల్లీ, నువ్వెళ్ళి చెప్పిరామ్మా. నీ గొంతు వింటేనే వాళ్ళకు సగం ప్రాణం లేచొస్తుంది."

ఆమె చేతొడుగులు విప్పేసి వెళ్ళేది. బయటవాళ్ళు చేతులు పట్టుకునేవారు, ఏడ్చేవారు, అడిగిందే మళ్ళీ అడిగేవారు. అందరికీ చెప్పి తిరిగొచ్చేసరికి పొడుగు చివరి కుట్టు దారం కత్తిరిస్తూ కనిపించేవాడు. మళ్ళీ చేతులు కడుక్కోవడానికి పని మిగిలేది కాదు.

మొదట్లో అది మెప్పనుకుంది. తర్వాత ఏదో అలా కుదురుతోందిలే అనుకుంది. ఆ తర్వాత అనుమానం పట్టుకుంది. పొడుగు ఏమైనా మంత్రాంగం నడుపుతున్నాడా? సిస్టర్ సరిగ్గా ఆ వేళకే "బయట వాళ్ళు ఎదురుచూస్తున్నారు" అని గుర్తు చేస్తుందెందుకు? అనుమానం గదిలో అందరి మీదా వాలింది, పెద్ద డాక్టరు మీద తప్ప. నోరారా తల్లీ అని పిలిచే మనిషిని అనుమానించడానికి మనసెలా వస్తుంది?

ఆ వారంతో అక్కడ ఆమె శిక్షణ పూర్తవుతోంది. ముందుకు సర్జరీలోనే చదవాలని ఆమె పట్టుదల. అందుకు పెద్ద డాక్టరు సిఫారసు మాట కావాలి. తన కళ్ళముందు పొర తర్వాత పొర మూసి కుట్టిన చేతులకే తప్ప ఆయన మాట ఇవ్వడు. పొడుగుకు ఎప్పుడో ఇచ్చేశాడు. ఇక ఈమెకు మిగిలింది ఒకే ఒక్క ఆపరేషన్. కిటికీ పక్క మంచం మీదికి కొత్తగా వచ్చిన ముసలాయన హెర్నియా.

"ఈ కేసు మూయడం నీదే తల్లీ," అని సోమవారం ఉదయం పెద్ద డాక్టరు అందరి ముందూ అన్నాడు.

*

కిటికీ మంచం ముసలాయన చక్కని మనిషి. ఒడ్డూ పొడుగూ, చురుకైన కళ్ళు, వయసులో ఉన్నప్పుడు అందగాడై ఉండాలి. ఉన్న లోపమల్లా ఒక్కటే, ఎవర్నీ నమ్మడు. మందు బిళ్ళను వెలుతురులో పెట్టి చూస్తాడు. పక్క మంచం మనిషి దగ్గితే అది నిజం దగ్గేనా అని చెవి రిక్కిస్తాడు. ఆయనతో వచ్చిన ముసలావిడ ఆయన్ని మించింది. ఆయన చెప్పేది అసలే నమ్మదు.

మంచం ఎక్కగానే ముసలాయన కళ్ళు కిటికీ ఊచ మీద పడ్డాయి. పైనుంచి కిందిదాకా నల్లదారంతో ఒకదాని కింద ఒకటి ముడులు. చిన్నచిన్నవి, గట్టివి. ఆయన వాటిని గోటితో గీకి చూశాడు. ఊడలేదు.

"ఇదేదో లెక్కలా ఉందే," అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి.

"ఏం లెక్క?"

"ఈ మంచం మీదినుంచి వెళ్ళిపోయినవాళ్ళ లెక్క."

"ఇంటికా?"

ముసలాయన కళ్ళతో పైకప్పు చూపించాడు. ముసలావిడ వెంటనే సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది, లేచి వెళ్ళిపోవడానికి సిద్ధమైనట్టు.

అప్పుడే దారం పిల్ల వచ్చింది. మంచం అంచున కూర్చుని ఎప్పటినుంచి నొప్పి, దగ్గితే బుడిపె పొడుచుకొస్తుందా, బరువులెత్తారా అని అడుగుతూ, తనకు తెలియకుండానే ఊచకు ఇంకో ముడి వేసింది. ముసలాయన ఆ చేతినే చూస్తున్నాడు.

"అమ్మాయ్, ఈ ముడులన్నీ ఎవరి పని?"

"నాదే తాతగారూ."

"అంటే అందర్నీ నువ్వే పంపించావా?"

"ఎక్కడికి?"

ఆయన మళ్ళీ పైకప్పు చూపించాడు. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. చదువులో భాగమేననీ, లోపల కుట్టేటప్పుడు ముడి జారకూడదు కాబట్టి రోజూ సాధన చేస్తాననీ చెప్పింది. "మిమ్మల్ని మూసేది కూడా నేనే."

ముసలాయన ఆమె చిట్టి చేతులు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంతింత చేతులతో నా పొట్ట మూస్తావా? మా ఇంట్లో గోనెసంచి మూతి కుట్టాలంటేనే ఇద్దరం పట్టుకుంటాం."

"మీది గోనెసంచి కాదు తాతగారూ, పాత దుప్పటి. మెల్లగా కుట్టాలి."

"వినవే!" అన్నాడు ఆయన భార్యతో, పొంగిపోయి. "దుప్పటంట!"

"పాతదంది. అది వినపడలేదా?" అంది ముసలావిడ, సంచీ మళ్ళీ కింద పెడుతూ.

*

మర్నాడు పెద్ద డాక్టరు ఆ పిల్లను వార్డు బయట ఆపాడు. ఈ ముక్క తర్వాత కట్టు మారుస్తూ ఆ పిల్లే చెప్పింది, నేను కల్పించింది కాదు.

"తల్లీ, రేపటి కేసు ఉంది చూడు, కిటికీ మంచం పెద్దాయన. నీచేత వద్దంటున్నాడమ్మా."

"ఎందుకు సార్?"

"ఆడపిల్ల కుట్టకూడదట. పాతకాలం మనిషి, ఏం చేస్తాం? మనసు కష్టపెట్టలేం కదా. పొడుగు మూస్తాడులే. నువ్వు ఆ ముసలావిణ్ణి కనిపెట్టుకుని ఉండు, పాపం ఒక్కతే వచ్చింది." రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "ఆయన్నేమీ అడక్కు తల్లీ. ఆపరేషన్ ముందు రోగిని కంగారు పెట్టకూడదు."

"సరే సార్," అంది.

ఆయన మెట్లు దిగిపోయాక కూడా ఆమె అక్కడే నిలబడింది. ఇంతింత చేతులతోనా అన్న మాట గుర్తొచ్చింది. అయితే అది హాస్యం కాదన్నమాట. మొహాన నవ్వుతూ, వెనకాల వెళ్ళి ఫిర్యాదు చేశాడన్నమాట. ముసలివాళ్ళు తేనెపూసిన కత్తులు.

ఆమె నేరుగా కిటికీ దగ్గరికొచ్చింది. ఆ మంచం మీది మనిషి లేనట్టే కత్తెర తీసి, ఊచకున్న దారం మొత్తం పైనుంచి కిందికి కోసేసింది. ముడుల దండ చప్పుడు చేయకుండా జేబులోకి జారిపోయింది.

"నాడి చూడాలి. చెయ్యి," అంది.

చూసింది. వెళ్ళిపోయింది.

ముసలాయన ఖాళీ ఊచను పైనుంచి కిందిదాకా వేలితో తడిమాడు. "లెక్క మూసేశారు," అన్నాడు చివరికి.

"నిన్న తాతగారూ తాతగారూ అన్న పిల్ల ఇవాళ కళ్ళలోకి చూడలేదేం?" అంది ముసలావిడ.

"అదే నేనూ అనుకుంటున్నా. ఏదో బయటపడింది. రక్తంలోనో, మూత్రంలోనో. చెప్పలేక మొహం తిప్పుకుంటోంది. చిన్నపిల్ల కదా, దాచడం చేతకావట్లేదు."

అంతే, ముసలావిడ వెళ్ళి పొడుగును పట్టుకుంది. అతను అరటిపండు తింటూ దొరికిపోయాడు.

"బాబూ, మా ఆయనకేమైనా పెద్ద జబ్బా? నాతో చెప్పు, నేను గట్టిదాన్ని."

"అబ్బే, చిన్న ఆపరేషన్ బామ్మా. అస్సలు భయపడకండి."

ఆవిడ తిరిగొచ్చి మంచం మీద కూలబడింది. "అస్సలు అన్నాడయ్యా. మామూలుగా భయపడొద్దంటే సరిపోయేదిగా? అస్సలు ఎందుకన్నాడు?"

"పండు పూర్తిగా తిన్నాడా?"

"సగంలో ఆపేశాడు."

"అయిపోయింది," అన్నాడు ముసలాయన.

సాయంకాలం దారం పిల్ల నీలం సిరా కలంతో వచ్చింది, ఆపరేషన్ ఏ వైపు చేయాలో ఒంటి మీద గుర్తు పెట్టడానికి. తెర లాగి, దుప్పటి తొలగించి అడిగింది.

"ఏ వైపు?"

"నీకు తెలీదా?"

"తెలుసు. అయినా మీ నోటితో చెప్పాలి. రోగిని అడక్కుండా ఏదీ చేయకూడదు, అది పద్ధతి."

ఆ మాటను ఆమె కొంచెం నొక్కి పలికింది. ముసలాయన ఆ నొక్కుడు పట్టుకున్నాడు, అర్థమే పట్టుకోలేకపోయాడు.

"కుడివైపు," అన్నాడు. బాణం గుర్తు గీస్తుంటే సిరా చల్లగా తగిలింది. "అమ్మాయ్, నా దగ్గరేమైనా దాస్తున్నావా?"

కలం ఆగింది. "దాచింది నేను కాదు," అంది. మూత పెట్టి, తెర తీసి వెళ్ళిపోయింది.

*

ఇక్కడ నేనొక చిన్న సవరణ చేసుకోవాలి. ఆ కిటికీ మంచం ముసలాయన నేనే. చక్కని మనిషి అన్నప్పుడే మీలో కొందరు కనిపెట్టే ఉంటారు. ఆపరేషన్లో సర్జన్ పక్కన నిలబడ్డానన్నాను కదా, నిలబడలేదు, పడుకున్నాను. ఆయన కత్తి పట్టిన చేతిని ఆపానన్నాను కదా, ఆ చెయ్యి ఎటువైపుందో కూడా నాకు సరిగా కనపడలేదు. అవి తప్ప నేను చెప్పిందంతా నిజమే. పోనీ, దాదాపు.

వెన్నులో సూది గుచ్చారు. కాసేపటికి నడుము కిందనుంచి నేను నాకు కాకుండా పోయాను. కాళ్ళు ఎవరో మరిచిపోయి వదిలేసిన సామానులా అక్కడ పడున్నాయి. రొమ్ము మీద ఆకుపచ్చ గుడ్డను తెరలా నిలబెట్టారు. తెరకు ఇవతల నేను, నా తల దగ్గర స్టూలు మీద కూర్చుని ఏదో కూనిరాగం తీస్తున్న మత్తు డాక్టరు. అవతల లోకమంతా. వినపడుతోంది గానీ కనిపించదు. అయితే నేను ఊరుకునే రకమా? పైనున్న పెద్ద దీపానికి మెరిసే లోహపు అంచుంది. అందులో తలకిందులుగా, గింజల్లాంటి మనుషులు కదులుతున్నారు. ఎత్తుగా ఉన్నది పొడుగు, ఎదురుగా పెద్ద డాక్టరు, ఆయన పక్కన చిన్న ఆకారం దారం పిల్ల, బల్ల దగ్గర సిస్టర్.

చర్మం కాలిన వాసన వచ్చింది. అది నాదే అని తెలిసి కూడా, ఎవరో పొయ్యి దగ్గర ఏమరుపాటుగా ఉన్నారనుకుని చెప్పబోయాను.

ఆ పిల్ల పని కొక్కెం పట్టుకోవడం. గాయం అంచును కొక్కెంతో వెనక్కి లాగి పట్టుకుంటే, మిగతావాళ్ళు లోపల పనిచేస్తారు. లాగి పట్టుకున్నవాళ్ళకు లోపల ఏం జరుగుతోందో సగం కూడా కనపడదు.

"ఇంకాస్త లాగు తల్లీ. ఆఁ, అలా. ఎంత ఓపికమ్మా నీకు! చూడరా పొడుగూ, నరం ఇదిగో, దీన్ని తప్పించాలి. వేలితో తాకి చూడు."

వేలితో తాకి చూడమన్నది పొడుగును. నా నరాన్ని. నేను తెర ఇవతలనుంచి కూడా లెక్కపెడుతున్నాను, ఎవరికి ఏం చూపిస్తున్నారో. మంచం దిగినా దిగకపోయినా అనుమానం నాతోనే ఉంటుంది.

లోపల సన్నటి వలలాంటిది పరిచి బిగించారు. పెద్ద డాక్టరు అడుగు వెనక్కి వేసినట్టు దీపం అంచులో కనిపించింది.

"ఇక పిల్లలు చూసుకోండి. రారా పొడుగూ, ఇటు రా."

"సార్, ఈ కేసు తనది కదా?" అన్నాడు పొడుగు. అమాయకంగానే అడిగాడు. మంత్రాంగం నడిపేవాడి గొంతు అలా ఉండదు.

"పేషంటు ఒప్పుకోలేదయ్యా. ఆడపిల్ల చేత వద్దని కచ్చితంగా చెప్పేశాడు. మనమేం చేస్తాం?"

ఏ పేషంటు అని ఒక్క క్షణం నేనూ ఆలోచించాను. తర్వాత వెలిగింది. ఖాళీ ఊచ, నీలం సిరా, దాచింది నేను కాదన్న మాట, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా తల దగ్గర నిలబడ్డాయి. నాకు జబ్బేమీ లేదు! ఆ సంతోషం ముందు వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది. అప్పుడు గొంతు సవరించుకుని ఇలా అన్నాను.

"డాక్టరుగారూ, ఆ మాటన్న పేషంటు ఏ బల్ల మీదున్నాడో గానీ, ఈ బల్ల మీదున్నది నేను. నన్ను మీవాళ్ళు ఏ వైపు నొప్పని అడిగారు. పళ్ళు కట్టుడువా అని అడిగారు. పొగ తాగుతావా అని మా ఆవిడ పక్కనుండగానే అడిగి నా కొంపలో నిప్పుపెట్టారు. నన్నెవరు కుట్టాలని మాత్రం ఒక్క ప్రాణీ అడగలేదు. నా పొట్ట తెరిచారు, సంతోషం. అందులోంచి మీ మాట తీసి నాదంటే ఎలా? నేననలేదు!"

మత్తు డాక్టరు కూనిరాగం తెగిపోయింది. నా గుండెను వినిపించే యంత్రం ఒక్కటే కూస్తోంది, అదీ కొంచెం హుషారుగా.

పెద్ద డాక్టరు నవ్వాడు. "మత్తులో ఏదో అంటున్నారు పెద్దాయన."

"మత్తు వెన్నుకిచ్చాం సార్," అంది దారం పిల్ల. "తలకు కాదు."

ఇది ఆమె గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది. బంధువులకు సగం ప్రాణం లేచొచ్చే గొంతు కాదది. అయితే వణుకూ లేదు.

"సరే సరే, అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు ఆయన, మళ్ళీ తేనె కలుపుతూ. "ముందు నువ్వెళ్ళి ఆ ముసలావిడకు చెప్పిరా తల్లీ. ఎంత కంగారు పడుతోందో పాపం. నీ గొంతు వింటే..."

"చెప్తాను సార్. కుట్లు అయ్యాక."

దీపం అంచులో ఎవరూ కదలలేదు. ఆ పిల్ల కుడిచేత్తో కొక్కెం పట్టుకునే ఉంది, ఎడమచెయ్యి అరచెయ్యి పైకి పెట్టి సిస్టర్ వైపు చాపింది. సూదిని బిగించిన పట్టకారు సిస్టర్ చేతిలో ఉంది. ఆవిడ దాన్ని ఎవరికివ్వాలో తెలియక పెద్ద డాక్టరు మొహం చూసింది. ఆయన పొడుగు మొహం చూశాడు.

పొడుగు సూదిని చూశాడు. ఎన్నిసార్లు అది తన చేతికి వచ్చిందో అప్పుడే మొదటిసారి లెక్కపెట్టుకున్నాడేమో. టప్‌మని రబ్బరు చప్పుడు, చేతొడుగు విప్పిన చప్పుడు.

"నేను చెప్పొస్తాను సార్," అన్నాడు. తలుపు ఊగింది. వెళ్ళిపోయాడు.

ఇక అక్కడ మిగిలింది ఒక సర్జన్, ఒక దారం పిల్ల, తెరిచి ఉన్న నేను. తెరిచిన మనిషిని అలా వదిలేసి ఎంతసేపు అలుగుతారు? పెద్ద డాక్టరు ముక్కుతో గాలి వదిలాడు.

"ఆ కొక్కెం ఇటివ్వు," అన్నాడు.

ఆమె ఇచ్చింది. సిస్టర్ సూది ఆమె చేతిలో పెట్టింది. టిక్కుమన్నది పట్టకారు. ఆ టిక్కు నాకెంత హాయిగా వినిపించిందో! పొర, ఆ పైన పొర. ఒంటిచేతి ముడి, దాని మీద ఇంకోటి. నాకు ఊచ గుర్తొచ్చింది. గోటితో గీకినా ఊడని ముడులు.

"ఇంకాస్త లాగండి సార్," అంది ఆ పిల్ల. "కనపడట్లేదు."

ఆయన లాగాడు.

చర్మం దగ్గరికి వచ్చాక ఒక కుట్టు వేసి ఆగింది. "ఇది తీసి మళ్ళీ వేస్తాను."

"బాగానే ఉందిగా."

"అంచులు కలవలేదు సార్."

తీసింది. మళ్ళీ వేసింది. కొక్కెం పట్టుకున్నవాళ్ళకు లోపల ఏం జరుగుతోందో సగమే కనపడుతుందన్నాను కదా, ఆ వేళ ఆయనకు ఏ సగం కనపడిందో నాకు తెలీదు.

*

బయట జరిగిన ఘోరం మా ఆవిడ చెప్పింది. పొడుగు మొహానికున్న గుడ్డ తీయకుండా, తల వంచుకుని వచ్చి, "బామ్మా, అయిపోయింది," అన్నాడట. అంతే. ఎప్పుడూ చెప్పినవాడు కాదు, ఎలా చెప్పాలో ఏం తెలుస్తుంది? మా ఆవిడ గొల్లుమంది. బెంచీ మీదివాళ్ళంతా లేచారు. పొడుగు చేతులు ఊపుతూ, "కాదు కాదు, బతికే ఉన్నారు, లోపల గొడవ కూడా పెడుతున్నారు," అన్నాడట.

"గొడవా?" అంది మా ఆవిడ కళ్ళు తుడుచుకుని. "అయితే మా ఆయనే. నువ్వెళ్ళి నీ పని చూసుకో నాయనా."

కట్టు మార్చడానికి దారం పిల్ల వచ్చింది. దూది తీసింది, గాయం చూసుకుంది. రోగిని చూసినట్టు కాదు, తన చేతిరాత తాను చూసుకున్నట్టు చూసింది. తర్వాత వరండాలో పెద్ద డాక్టరు అన్న మాటలన్నీ చెప్పింది.

"నన్నొక్కమాట అడగాల్సింది," అన్నాను.

"అడక్కూడదన్నారు. పైగా ఇంతింత చేతులన్నారు మీరు."

"అది హాస్యం!"

"అడిగుంటే ఒప్పుకునేవాడివా?" అంది మా ఆవిడ, పక్కనుంచి, ఏమీ ఎరగనట్టు.

దారం పిల్ల చేతులు ఆగాయి. ఇద్దరూ నావైపే చూస్తున్నారు. నేను కిటికీ వైపు చూశాను. చెప్పడానికి నా దగ్గర ఎన్ని గొప్పలున్నాయో మీకు తెలుసు. ఒక్కటీ నోటికి రాలేదు.

"ఏమో," అన్నాను.

"నేనూ అదే అనుకున్నాను," అంది ఆ పిల్ల. అంటించే పట్టీని ఉండాల్సినదానికంటే ఒక పిసరు గట్టిగా నొక్కింది. నొప్పి పుట్టింది. ఓర్చుకున్నాను.

ఆ తర్వాత పెద్ద డాక్టరు రౌండ్లకు వచ్చాడు. గాయం మీదికి వంగి చాలాసేపు చూశాడు. "బాగుంది," అన్నాడు, గాయంతో. లేచి నిలబడి, "ఇకనుంచి బయట వాళ్ళకు చెప్పడం వంతులవారీగా చేయండి," అన్నాడు అందరితో. మొదటి వంతు ఎవరిదో చెప్పలేదు. నేను గమనించాను. ఆ పిల్లా గమనించింది. నన్ను మాత్రం ఆయన ఏమీ అడగలేదు. అప్పటికీ అడగలేదు చూడండి.

నన్ను ఇంటికి పంపే రోజు ఆమె కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"నీ సంగతి తేలిందా అమ్మాయ్?"

"సర్జరీకి నా పేరు చెప్తానన్నారు."

"మరింకేం?"

"అన్నారు," అంది. "చెప్పాక చూద్దాం." జేబులోంచి దారం తీసి ఖాళీ ఊచకు ముడి వేసింది, ఇంకోటి వేసింది, లాగి చూసింది.

"ఆయన నిన్నింకా తల్లీ అనే పిలుస్తున్నాడా?"

"మర్చిపోతున్నారు ఈమధ్య," అంది. నవ్వలేదు గానీ నవ్వినంత పని చేసింది.

ఇక ఒక్క ముక్క మిగిలింది. దీపం అంచులో చూసింది నిజం. పెద్ద డాక్టరు కొక్కెం పట్టడం నిజం. ఆ పిల్ల అన్న ప్రతి మాటా నిజం. మచ్చ కూడా ఉంది, సన్నగా, గీత గీసినట్టు. చూపిద్దునుగానీ మా ఆవిడ ఒప్పుకోదు. కల్పించిందల్లా ఆ బల్ల మీద నేను చేసిన ప్రసంగం. కట్టుడు పళ్ళూ, కొంపలో నిప్పూ, అవన్నీ ఇంటికొచ్చాక తీరుబడిగా కూర్చుని అల్లుకున్నవి. ఆ వేళ నా నాలుక ఎండి అట్టముక్కలా అంగిటికి అతుక్కుపోయింది. "నేననలేదు," అన్నాను, అంతే. కప్ప గొంతుతో. మొదటిసారి ఎవరికీ వినపడనేలేదు. రెండోసారి ఆ పిల్లకు వినపడింది.